తడి చెయ్యి

పోయినేడు ఆగస్టులో అమ్మ ఒహాయో వచ్చినప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం మా వంటింట్లో ఒక చిన్న సంగతి జరిగింది. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ అది నన్నింకా ఎందుకు వదల్లేదో చెప్పాలంటే ముందు ఒక సీసా గురించి, ఒక జాడీ గురించి చెప్పాలి.

ముందు సీసా.

ఇక్కడ జూలై నెలాఖరుకి రైతులు తెచ్చి అమ్ముకునే సంతల్లో పొట్టి దోసకాయలు వస్తాయి. వేలెడు పొడవు, ఒంటినిండా చిన్నచిన్న బొడిపెలు. ఊరబెట్టడానికే పండించే రకం. వాటి పక్కనే కట్టలు కట్టి డిల్ అమ్ముతారు. హైదరాబాద్ కూరల మార్కెట్లో సోయకూర అని అడిగితే ఇచ్చేది అదే. ఈ రెంటితో వీళ్ళు పెట్టే పుల్లటి ఊరగాయ అందరికీ తెలుసు, బర్గర్ తిన్న ప్రతివాడి నోట్లోనూ ఒక ముక్క పడే ఉంటుంది. దానికి పంచదార కలిపి పెట్టే తియ్యటి రకం ఇంకొకటుంది. మా పక్కింటి పెద్దావిడ చేసేది. ఎనభై దాటిన మనిషి. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి వేసవిలోనే ఒక సీసా తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకోగానే నాకు బెల్లం ఆవకాయ గుర్తొచ్చింది. రుచి అదని కాదు, ఎక్కడా పోలికే లేదు. పులుపుకి తీపి జోడించాలన్న ఆలోచన ఒకటే.

మరుసటేడు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. కిలో దోసకాయలు కడిగి, పువ్వు రాలిన వైపు కొస సన్నగా కోసి పారెయ్యాలి. ఆ కొసలో ఉండే ఎంజైములు కాయని మెత్తబరుస్తాయి. కాయల్ని చక్రాలుగానో నిలువుగానో తరిగి, సోయకూర రెమ్మలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు ఆవాలు వేసి సీసాల్లో కూరాలి. రెండు కప్పుల వినెగర్, ఒక కప్పు నీళ్ళు, కప్పున్నర పంచదార, రెండు చెంచాల ఉప్పు మరిగించి వేడివేడిగా పొయ్యాలి. ఉప్పులో అయొడిన్ గానీ, గడ్డకట్టకుండా కలిపే పొడులు గానీ ఉండకూడదు, ఉంటే నీరు మబ్బుగా అవుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి వారం ఆగాలి. అంతే.

వారం ఆగడం ఒక్కటే నాకు కష్టమనిపించింది. కానీ ఆవిడకి అన్నిటికన్నా ముఖ్యమైంది వేరే ఉంది. "పంచదార నీ ఇష్టం, తగ్గించుకో, పెంచుకో. వినెగర్ మాత్రం తగ్గించకు" అంది. ఎందుకు అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సొరుగులోంచి మడతలు పడిన ఒక కాగితం తీసి చేతికిచ్చింది. వ్యవసాయ శాఖ వాళ్ళు ఇంట్లో ఊరగాయలు పెట్టేవాళ్ళ కోసం అచ్చేసిన సూచనలు. వినెగర్‌లో కనీసం 5 శాతం ఆమ్లం ఉండాలి. సీసాలో పీహెచ్ 4.6 దాటకూడదు. దాటితే, గాలి చొరని సీసాలో క్లాస్ట్రీడియం బాట్యులైనమ్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారు చెయ్యొచ్చు. ఆ విషం కంటికి కనపడదు, వాసన ఉండకపోవచ్చు, దాని బీజాలు మరిగే నీళ్ళలో కూడా చావవు. ఫ్రిజ్‌లో కాకుండా అలమరలో నిలవ ఉంచేట్టయితే పరీక్షించిన కొలతలే వాడాలి, సీసాల్ని మరిగే నీళ్ళలో ముంచి ఇన్ని నిమిషాలని లెక్కపెట్టి ఉంచాలి.

చదివి నవ్వొచ్చింది. ఇదీ మడే కదా, అనుకున్నాను.

ఇక జాడీ.

తెనాలి దగ్గర మా ఊళ్ళో ఏటా మే నెలలో నాయనమ్మ ఆవకాయ పెట్టేది. తెల్లవారుజామునే తలస్నానం, మడిబట్ట. కాయలు ముందురోజు రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున్నే ఒక్కొక్కటీ పొడిబట్టతో తుడవాలి. నాయనమ్మ సూత్రాలన్నీ నాకిప్పటికీ కంఠతా వచ్చు. తడి చెయ్యి పెట్టకూడదు. స్టీలు గరిటె పనికిరాదు, చెక్క గరిటే వాడాలి. మూడోనాడు తిరగ కలపాలి. నూనె ముక్కమీద వేలెడెత్తు తేలాలి. జాడీకి వాసెన కట్టాలి. బయట చేరినవాళ్ళు జాడీ ఉన్న గదిలోకి రాకూడదు. కారం కొట్టే ఆవిడ వసారా దాటి లోపలికి రాకూడదు.

మీరు గమనించారో లేదో, పై పేరాలో సూత్రాలన్నీ ఒకే వరసలో రాశాను. కావాలనే. నాయనమ్మ కూడా అలాగే చెప్పేది. ఒకే గొంతుతో, ఒకే తీరుగా. తడి చేతికి బూజు పడుతుంది, ముట్టు చేతికి పురుగు పడుతుంది. రెండూ ఒకే వ్యాకరణం. ఏడేళ్ళ పిల్లకి ఇందులో ఏది జ్ఞానం, ఏది అన్యాయం అని ఎలా తెలుస్తుంది?

పదమూడో ఏడు వచ్చిన వేసవిలో, ఆవకాయ తిరగ కలిపే మూడోనాడే నేను బయట చేరాను. అంతకుముందు రెండేళ్ళూ జాడీ పట్టుకునే ఉద్యోగం నాది. ఆ రోజు వసారాలో చాప మీద కూచుని, తలుపు సందులోంచి మా తమ్ముడు జాడీ పట్టుకోవడం చూశాను. వాడి ముక్కు కారుతోంది. మోచేత్తో తుడుచుకుంటున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వసారాలో నేనొక్కదాన్నే లేను. మాలపల్లె నుంచి వచ్చి కారం కొట్టే ఆవిడ కూడా ఉంది. ఆవిడ ఏటా వసారాలోనే ఉండేది. నేను నాలుగు రోజులకి తలస్నానం చేసి లోపలికి వెళ్ళిపోయాను. నాకంటే నలభై ఏళ్ళు పెద్దదైన ఆవిడని నేను పేరు పెట్టి, 'ఏమే' అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను 'అమ్మాయిగారూ' అనేది. 1950 నుంచి అమలైన రాజ్యాంగం పదిహేడో అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ కబురు మా వసారా దాకా వచ్చినట్టుంది గానీ, జాడీ దాకా రాలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఒక లెక్క అసలు కుదరదు. మిరపకాయలు దంచింది ఆవిడ చేతులు. ఆవాలు చెరిగింది ఆవిడ. మామిడికాయలు కొట్టింది సంతలో కత్తిపీట వేసుకు కూచున్న ఎవరో మనిషి, ఎవరని ఎవరూ అడగలేదు. నూనె మిల్లుది. ఉప్పు చీరాల వైపు ఏ మడిలోనో ఎవరి కాళ్ళ కిందో పండింది. అన్ని చేతులూ తాకిన తర్వాతే ఆవకాయ ఆవకాయ అవుతుంది. అప్పటిదాకా ఏ చేతికీ పాడవని వస్తువు, గిన్నెలో కలిసిన క్షణం నుంచి కొన్ని చేతులకి పాడవడం మొదలవుతుంది! పొడి వస్తువుకి అంటు లేదని నాయనమ్మ సమాధానం. అంటే, పని అవసరమైనంత వరకూ అంటు లేదు. పని అయిపోయాక ఉంది. ఇది ఊరగాయ గురించిన సూత్రం కాదని అప్పుడే తెలియాల్సింది.

ఇక్కడితో ఆపేస్తే సుఖంగా ఉంటుంది. పక్కింటి పెద్దావిడ కాగితం సైన్సు, నాయనమ్మ మడి మూఢనమ్మకం, మనం ఎదిగాం, శుభం. కానీ అంత తేలిగ్గా తెగలేదు.

మొదటి చిక్కు. ఆ కాగితాన్ని నేనెందుకు నమ్ముతున్నాను? ఆ సూక్ష్మజీవిని నేను ఎప్పుడూ చూడలేదు. పీహెచ్ కొలిచే పరికరం మా ఇంట్లో లేదు. వినెగర్ తగ్గించి చూసి, ఎవరికైనా పక్షవాతం వచ్చాక నమ్ముదామనుకోలేదు. నమ్మదగిన మనిషి చెప్పింది, అచ్చులో ఉంది, నమ్మాను. నాయనమ్మనీ అలాగే నమ్మాను. నాయనమ్మ తడి చెయ్యి వద్దన్నది కూడా నిజమే కదా. నీళ్ళు తగిలిన చోట ఉప్పు పలచబడుతుంది, బూజుకి అవకాశం దొరుకుతుంది. ముక్క నూనెలో మునిగితే గాలి తగలదు. ఇవన్నీ ఆవిడ ఏ కాగితమూ చదవకుండా చెప్పినవే. ప్రతి సూత్రాన్నీ మనమే పరీక్షించి బతకలేం. మనుషుల్ని నమ్ముతాం, వాళ్ళతోపాటు వాళ్ళ మూట మొత్తాన్నీ తీసుకుంటాం. 'నిరూపించుకున్నదే నమ్ముతాను' అనేవాళ్ళు పొద్దున లేచి కాఫీ కూడా తాగలేరు.

రెండో చిక్కు. ఒకరోజు ఈ వసారా సంగతి పెద్దావిడకి చెప్పాను. మా దేశంలో ఇలా ఉండేది అని, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం కథ చెబుతున్న ఉత్సాహంతో. ఆవిడ దోసకాయ తరగడం ఆపి, "మా అమ్మ కూడా అంతే. ఆ రోజుల్లో క్యాబేజీ ఊరబెట్టే గదిలోకి నన్ను రానిచ్చేది కాదు" అంది. తర్వాత వెతికితే ఇది ఆవిడ ఒక్కింటి సంగతి కాదని తెలిసింది. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో, ముట్టయిన స్త్రీ దగ్గరికి వస్తే కొత్త ద్రాక్షసారా పులిసిపోతుందని, పైర్లు ఎండిపోతాయని రాశాడు. రోమ్‌లో ద్రాక్షసారా, పెద్దావిడ పుట్టింట్లో క్యాబేజీ, మా ఊళ్ళో ఆవకాయ. ఎక్కడెక్కడ మనుషులు తిండిని నిలవ చెయ్యడం నేర్చుకున్నారో, అక్కడక్కడ పాడైతే ఎవరిమీద పెట్టాలో కూడా నేర్చుకున్నట్టున్నారు.

మూడో చిక్కు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది. 1920లో వియన్నాలో బేలా షిక్ అనే వైద్యుడు, ముట్టులో ఉన్న స్త్రీ ఒంట్లో ఒకరకం విషం ఉంటుందని ఒక వైద్యపత్రికలో రాశాడు. తనకొచ్చిన పువ్వుల్ని నీళ్ళలో పెట్టమని పనమ్మాయికి ఇచ్చాడట, మర్నాటికి అవి వాడిపోయాయి. అడిగితే ఆ అమ్మాయి, ఆ రోజుల్లో తను ముట్టుకుంటే ఎప్పుడూ ఇంతేనని చెప్పింది. ఆయన ఆ మాట పట్టుకుని ప్రయోగాలు చేశాడు, ఫలితాలు అచ్చువేశాడు. ఈయన ఆషామాషీ మనిషి కాదు, డిఫ్తీరియా పరీక్షకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆ విషాన్ని ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు శాస్త్రవేత్తలు వెతికారు. కాబట్టి అచ్చులో ఉండటం, ప్రయోగశాలలో ఉండటం కూడా చాలదు. నాకు ఆ వైద్యుడి కంటే ఆ పనమ్మాయి ఎక్కువ గుర్తొస్తుంది. ఆమెకి తన చేతిమీద తనకే అనుమానం. ఎవరో నేర్పారు, నమ్మింది, సాక్ష్యం కూడా చెప్పింది. చాప మీద కూచున్న పదమూడేళ్ళ నేను కూడా, తలుపు సందులోంచి చూస్తూ, 'నేను ముట్టుకుంటే నిజంగా పాడవుతుందేమో' అనే అనుకున్నాను. ఆ మాట ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

మరి మూటలోంచి ఏది ఉంచుకోవాలి, ఏది పారెయ్యాలి? ఎలా తెలుస్తుంది?

మొదట ఒక కొలబద్ద దొరికిందనుకున్నాను. సూత్రం చేతి స్థితి గురించి అడుగుతోందా, చెయ్యి ఎవరిదని అడుగుతోందా? తడి చెయ్యి వద్దంటే, ఎవరి తడి చెయ్యైనా వద్దు. తుడుచుకుంటే ఎవరైనా రావచ్చు. కారం కొట్టే ఆవిడ ఎంత కడుక్కున్నా, ఎంత తుడుచుకున్నా రాకూడదు. ఆవిడ విషయంలో ఈ కొలబద్ద సూటిగా పనిచేస్తుంది. కానీ ముట్టు దగ్గర తడబడుతుంది. అదీ ఒక స్థితే, నాలుగు రోజులకి పోతుంది అనొచ్చు ఎవరైనా. అంటారు కూడా.

తర్వాత ఇంకోటి. సూత్రం పెట్టినవాళ్ళని కూడా కట్టేస్తుందా? ఇది మరీ తేలిపోయింది. నాయనమ్మ తన వయసులో తనూ వసారాలో కూచుంది. అమ్మని కోడలిగా కూచోబెట్టింది. ఒక నియమం దాని కాపలాదారుని కూడా కట్టేసినంత మాత్రాన న్యాయమైపోదు. పైగా, తను పడ్డాను కాబట్టి నువ్వూ పడాలి అనే చోట అది ఇంకా గట్టిపడుతుంది.

ఆ రోజుల్లో ఆడవాళ్ళకి విశ్రాంతి కోసం పెట్టారు అనే మాట ఉండనే ఉంది. నా స్నేహితుల్లో చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. విశ్రాంతి అయితే వద్దనుకునే హక్కు ఉండాలి కదా? నాకు ఆ రోజు జాడీ పట్టుకోవాలని ఉంది. పట్టుకోలేకపోయాను. కారం కొట్టే ఆవిడకి ఆ నాలుగు రోజులూ రోకలి నుంచి సెలవు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడకి ముట్టు ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తట్టినట్టే లేదు.

చివరికి నాకు మిగిలింది ఒక మామూలు ప్రశ్న. ఈ సూత్రం తప్పయితే, నష్టపోయేది ఎవరు?

వినెగర్ సూత్రం తప్పే అనుకుందాం. నాకు పోయేదేమిటి? ఒక కప్పు వినెగర్, కొంచెం ఎక్కువ పులుపు. మా నోళ్ళకే నష్టం, మేమే భరిస్తాం. తడి చెయ్యి సూత్రం తప్పయితే, ఒక తువ్వాలు ఉతుక్కోవాలి. అందుకే వీటిని నిరూపణ లేకుండా కూడా నమ్మొచ్చు, అమ్మో నాయనమ్మో చెబితే చాలు. కానీ ముట్టు సూత్రం తప్పయితే? ప్రతి తరంలోనూ ప్రతి ఆడపిల్లకీ, నీ ఒంట్లో పాడుచేసే గుణమేదో ఉందని తప్పుడు మాట చెప్పినట్టు. అంటు సూత్రం తప్పయితే? ఒక మనిషికి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా, ఆమె పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ, మీ చెయ్యే మైల అని చెప్పినట్టు. ఆ తప్పు ఖరీదు సూత్రం పెట్టినవాళ్ళు కట్టరు, ఎవరిమీద పెట్టారో వాళ్ళు కడతారు. అలాంటి సూత్రానికి సందేహలాభం ఇవ్వకూడదు. మనిషి మీద వేసే బరువు ఎంత పెద్దదైతే సాక్ష్యం అంత పెద్దది కావాలి, దాన్ని చూపించాల్సిన బాధ్యత బరువు వేసేవాళ్ళది. 'మా పెద్దవాళ్ళు చెప్పారు' అన్నది గరిటె ఎంచుకోవడానికి సరిపోతుంది, మనిషిని గుమ్మం బయట నిలబెట్టడానికి సరిపోదు. నిజం చెప్పాలంటే, అంటు విషయంలో ఏ సాక్ష్యమూ సరిపోదు. వైద్యుడు రాసినా సరే, రాయకపోయినా సరే.

ఈ లెక్కతో నాయనమ్మని దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవచ్చు. అది కూడా నాకు చేతకావడం లేదు. ఆవకాయ పెట్టిన ప్రతి ఏడూ మొదటి గిన్నె కారం కొట్టే ఆవిడకే ఇచ్చేది నాయనమ్మ. కొసరి కొసరి వేసేది, "నూనె ఉందా, ఇంకాస్త పొయ్యనా" అని అడిగేది. గిన్నె ఆవిడదే, కింద పెట్టాలి. నాయనమ్మ గరిటె గిన్నెకి తగలకుండా పైనుంచి జారవిడిచేది. చిన్నప్పుడు నాకు ఆ ఉదారత్వం ఒక్కటే కనిపించేది. కొన్నేళ్ళు ఆ ఎత్తు ఒక్కటే కనిపించింది. ఇప్పుడు రెండూ కనిపిస్తున్నాయి, ఒకటి ఇంకోదాన్ని కొట్టెయ్యడం లేదు. అంత ప్రేమగా ఇవ్వగలిగిన మనిషి అంత ఎత్తునుంచే ఇవ్వగలిగింది. చెడ్డవాళ్ళు మాత్రమే చేసే అన్యాయమైతే అది ఇన్ని వందల ఏళ్ళు నిలవ ఉండేది కాదు.

ఇక ఆ శనివారం.

సంత నుంచి రెండు కిలోల దోసకాయలు తెచ్చాను. అమ్మ బల్ల దగ్గర కూచుని సోయకూర గిల్లుతోంది. "ఇదేం వాసనే, సోంపులా ఉంది" అని రెండుసార్లు అంది. మా అమ్మాయికి పదమూడేళ్ళు. పైనుంచి దిగి వచ్చి, పొట్ట పట్టుకుని, కడుపు నొప్పిగా ఉంది, పీరియడ్ వచ్చింది అంది. అది పుట్టి పెరిగిన ఇంట్లో అది దాచుకునే మాట కాదు. వేడినీళ్ళ సంచి తీసుకుని సోఫాలో పడుకోమన్నాను. "వద్దు, నేను సీసాల్లో నింపుతాను" అని చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది.

నేను అమ్మ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది, కానీ చూశాను. నాయనమ్మ పోయాక మా ఇంట్లో జాడీలు అమ్మ చేతికే వచ్చాయి. వాటితోపాటు సూత్రాలూ వచ్చాయి. కారం కొట్టే ఆవిడ కూతురు కూడా కొన్నేళ్ళు వసారాలోనే ఉంది. ఆ తర్వాత మిల్లు కారం కొనడం మొదలుపెట్టారు కాబట్టి ఆ ప్రశ్నే రాలేదు. మేమేదో మారామని కాదు.

అమ్మ గిల్లడం ఆపింది. దాని చేతుల వైపు చూసింది. చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి దానికి అందించి, "తడి లేకుండా తుడుచుకోమ్మా" అంది.

నిజానికి ఆ సీసాల్లోకి తడి చెయ్యి పెట్టినా ఏమీ కాదు. అందులో పొయ్యబోయేదే నీళ్ళు, వినెగరూ. కాయలు కూడా కడిగి తడిగానే ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు, మా అమ్మాయికీ తెలుసు. అది నా వైపు చూసింది. నేను ఏమీ చెప్పలేదు. అది శ్రద్ధగా, ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

ఆ రాత్రి అంట్లు సర్దుతుంటే అమ్మ ఉన్నట్టుండి, "ఆవిడ దంచిన కారం రంగు మళ్ళీ రాలేదే" అంది. ఎవరని అడగక్కర్లేదు. ఇన్నేళ్ళలో అమ్మ ఆవిడని 'ఆవిడ' అనడం నేను వినడం అదే మొదటిసారి. కాసేపాగి, "ఒక్క ఏడన్నా జాడీ దగ్గర కూచోబెట్టి కలపమనాల్సింది" అంది. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది. నేను సీసాల మీద తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. వారం ఆగాలి, వాటికి.